అంతా నార్మలేనండీ

ఆ సోమవారం చెరువుల్లో పట్టుబడి లేక రొయ్యల ప్లాంటు బస్సు రాలేదు. పన్నెండేళ్ళుగా పొద్దున్న ఆరున్నరకల్లా క్యారేజీ పట్టుకుని రోడ్డు మీద నిలబడే సూరమ్మకి ఇంట్లో ఊసుపోలేదు. నాలుగు చీరలు జాడించి దండెం మీద ఆరేసింది. మొగుడు సాలమోను కొబ్బరి వలుపుకి వెళ్ళిపోయేడు. వీధి చివర విలేజ్ క్లినిక్ ముందు టెంటు వేసి ఉంది. ముప్పై దాటిన ప్రతివాళ్ళూ వచ్చి బీపీ, షుగరూ చూపించుకోవాలని ముందురోజు చర్చిలో కూడా చెప్పేరు. తనకేం జబ్బు లేదని తెలిసినా, నలుగురూ కూచున్న చోటు కదా అని అటు నడిచింది.

క్లినిక్‌లో చేసే శారోన్ ఆ ఊరి పిల్లే. సూరమ్మ చేతివేలు పట్టుకుని, సూది గుచ్చి, బొట్టు రక్తం మిషను పుల్లకి అంటించింది. అంకె చూసి ఏమీ అనకుండా ఇంకో పుల్ల తీసి, ఇంకో వేలికి గుచ్చింది.

"పొద్దున్న ఏం తిన్నారు పిన్నిగారూ?"

"చద్దన్నం. ఏంటమ్మా?"

"నాలుగు వందల ముప్పై ఎనిమిదుంది. రెండోసారి చూసినా అంతే."

సూరమ్మ నవ్వింది. "మీ మిషను పాడైపోయిందే పిల్లా. నాకు షుగరేంటి? నెల్లాళ్ళు కాలేదు, మా ప్లాంటులో టెస్టులన్నీ చేసేరు. ఉండు, కార్డు తెస్తాను."

ఇంటికి వెళ్ళి, ఇనపపెట్టెలో ఆధార్ కార్డుతోపాటు దాచిన ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మూడేళ్ళవీ మూడు కార్డులున్నాయి. ఆకుపచ్చ అట్ట, పైన ప్లాంటు బొమ్మ, కింద నీలం సిరాతో సంతకం. శారోన్ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివింది. షుగర్ తొంభై నాలుగు. హిమోగ్లోబిన్ పన్నెండు పాయింట్ ఆరు. పనికి యోగ్యురాలని ఇంగ్లీషులో. మూడు కార్డుల్లోనూ అవే అంకెలు.

"రక్తం ఏ చేతికి తీసేరండీ?"

సూరమ్మ రెండు మోచేతుల మడతలూ చూసుకుంది. "తీయలేదమ్మా" అంది. "ముందున్న పదిమందికి తీసేరు. తర్వాత వేళ మించిపోతోందని మాతో సంతకాలు పెట్టించుకుని పంపేసేరు."

"ముందటేడు?"

"ముందటేడూ అంతే."

"మరి మీరు అడగలేదా?"

సూరమ్మ కార్డులు తీసి మళ్ళీ కవరులో పెట్టుకుంది. శారోన్ కింద కూచుని, "చెప్పులు విప్పండి" అంది.

ఎడమకాలి చిటికెనవేలు పక్కన నల్లబడి, అడుగున చర్మం చితికి తడితడిగా ఉంది. ప్లాంటులో వేసుకునే బూటు ఒరుసుకుందనుకుని సూరమ్మ నాలుగు రోజులుగా పసుపు రాస్తోంది.

"నొప్పి లేదా?"

"నొప్పెడితే చూసుకోనా?"

"ఇక్కడ నొక్కుతున్నాను, తెలుస్తోందా?"

సూరమ్మ టెంటులోకి వచ్చే వాళ్ళని చూస్తోంది. "ఏదీ, నొక్కు" అంది.

"నొక్కుతూనే ఉన్నానండీ" అంది శారోన్, వంచిన తల ఎత్తకుండానే.

మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని అమలాపురం పెద్దాసుపత్రికి వెళ్ళింది. డాక్టరు వైదేహిగారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. వేలు చూసేరు, పాదం మీద చెయ్యి వేసి నాడి వెతికేరు, సన్నటి ప్లాస్టిక్ తీగతో అరికాలు పదిచోట్ల తాకించేరు. ఆ పదింటిలో సూరమ్మకి తెలిసినవి మూడు.

"ఈ వేలు ఇంక ఉంచడానికి లేదమ్మా. తీసెయ్యాలి. లోపల చీము పట్టింది. ఇవాళే చేరిపోండి."

సాలమోను కుర్చీ వెనక నిలబడి తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. సూరమ్మ మాత్రం ఏదో సామాను ధర అడుగుతున్నట్టు అడిగింది. "నెల కిందట తెలిసుంటే వేలు ఉండేదాండీ?"

డాక్టరుగారు ఆ మూడు కార్డులూ అటూ ఇటూ తిప్పేరు. "నెలేంటమ్మా. ఇది నిన్నా మొన్నా వచ్చిన షుగరు కాదు. కాలు ఇంత మొద్దుబారిందంటే ఏళ్ళు పట్టుంటుంది. మొదటేడే నిజంగా చూసుంటే రోజుకో మాత్రతో పోయేది."

రోజుకో మాత్ర. సూరమ్మ ఆ మాటని నోట్లోనే రెండుసార్లు అనుకుంది. ఏడవలేదు. ఆకుపచ్చ కార్డు మీద నీలం సంతకం పెట్టిన చెయ్యి కళ్ళముందు కనబడింది. శుభ్రంగా కత్తిరించిన గోళ్ళు, ఉంగరం, మణికట్టు మీద పెద్ద గడియారం. ప్లాంటులో మనుషుల వ్యవహారాలు చూసే నాగసతీష్‌ది ఆ చెయ్యి. ఎవరినీ నువ్వు అనడు. ముసలివాళ్ళని గారూ అని పిలుస్తాడు. అంత మర్యాద గల మనిషి.

"గురువారం సాయంత్రం వచ్చి చేరతానండి" అంది.

"రెండు రోజులా? ఆలోపు ఇది పాదంలోకి పాకితే? గురువారం దాకా ఏముందమ్మా అంత పని?"

"ఉందండి, పని."

డాక్టరుగారు కోప్పడ్డారు. సాలమోనుని కోప్పడ్డారు. చివరికి కట్టు కట్టించి, ఇంజెక్షన్ చేయించి, మాత్రలు రాసి, తన మాట వినకుండా వెళ్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఈసారి సూరమ్మ కాగితం పూర్తిగా చదివి మరీ పెట్టింది.

బస్సులో సాలమోను బతిమాలేడు. "నీకేమైనా మతిపోయిందా? గురువారం నాడు ఏముందక్కడ?"

"కొచ్చిన్ నుంచి ఆడిటు వాళ్ళొస్తున్నారు. సరుకు కొనేవాళ్ళు పంపే మనుషులు. కూలోళ్ళని నిలబెట్టి అడుగుతారు, టెస్టులు చేస్తున్నారా, జబ్బులుంటే చూస్తున్నారా అని. ప్రతిసారీ జవాబు చెప్పడానికి నాగసతీష్ నన్నే పెడతాడు."

"చెబితే?"

"అతని నోట మట్టి పడాలి."

సాలమోనుకి పెళ్ళాం కోపం తెలుసు. కేకలు వేస్తే భయం లేదు. ఇలా కిటికీలోంచి చూస్తూ మెల్లగా మాట్లాడితేనే భయం.

బుధవారం బస్సులో అందరి చేతుల్లోనూ ఆకుపచ్చ కార్డులున్నాయి. ఆడిటు కోసం తెమ్మన్నాడు నాగసతీష్. సూరమ్మ తన సీట్లోంచి లేచి, "ఏదీ, నీదెంతుందో చూడనీ" అంటూ వరసగా అందరివీ అడిగి చూసింది. ఆ బస్సులో నలభై ముగ్గురు. రక్తం తీసిన పదిమంది కార్డులూ వేరువేరుగా ఉన్నాయి. తనదానితో కలిపి మిగతా ముప్పై మూడింటిలోనూ తొంభై నాలుగు, పన్నెండు పాయింట్ ఆరు. పంతొమ్మిదేళ్ళ పిల్లకీ అంతే, యాభై ఆరేళ్ళ ముసల్దానికీ అంతే.

పక్కన కూచునే శ్రీదుర్గకి పాతికేళ్ళుంటాయి. కొంగులో మూట కట్టుకున్న బియ్యం గింజలు తీసి నములుతోంది. బల్ల దగ్గర నెలకి రెండుసార్లైనా కళ్ళు తిరిగి కూలబడుతుంది. సూరమ్మ ఆమె గడ్డం పట్టుకుని కింది రెప్ప లాగి చూసింది. లోపల వలిచిన రొయ్యలా తెల్లగా ఉంది.

"ఏంటి పిన్నీ, డాక్టరువైపోయేవా?"

"రేపు సాయంత్రం శారోన్ దగ్గరికెళ్ళు. తప్పకుండా వెళ్ళు."

అంతకు మించి చెప్పలేదు. చెబితే మాట బస్సంతా పాకుతుంది, ప్లాంటు గేటు దాకా వెళ్తుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల బియ్యం నమలడం చూస్తూ ఊరుకుంది, ఇంకొక్క రోజు ఊరుకుంటే ఏమవుతుందిలే అని తనకి తాను చెప్పుకుంది.

ప్లాంటులో ఎప్పటిలాగే తెల్ల కోటు, జుట్టుకి టోపీ, మూతికి గుడ్డ, మోకాళ్ళ దాకా తెల్ల రబ్బరు బూట్లు. ఎడమకాలి కట్టు మీద ప్లాస్టిక్ సంచి తొడిగి బూటులోకి తోసింది. గుమ్మం దగ్గర మందు కలిపిన నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి నడిచింది. స్టీలు బల్ల మీద ఐసూ రొయ్యా కలిపి పోసేరు. ఎడమచేత్తో రొయ్య తీయడం, కుడి బొటనవేలి గోటితో తల తుంచడం, పెంకు ఒలవడం, వీపు మీద నల్లటి నరం లాగి పారేయడం. ఆమె చేతులు ఆమెతో పని లేకుండా చేసుకుపోతున్నాయి. మనసు మాత్రం రేపు చెప్పాల్సిన మాటల్ని ఒకటొకటిగా ఒలుస్తోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యేక నాగసతీష్ పాతవాళ్ళని పదిమందిని షెడ్డులో కూచోబెట్టి నేర్పించేడు.

"మేడం గారు ఏమడిగినా కంగారు పడొద్దండీ. నేను పక్కనే ఉంటాను. మెడికల్ చెకప్ చేస్తున్నారా అంటే ఏం చెప్పాలండీ?"

"ఆయ్, ప్రతి ఏడూ చేస్తారండి" అన్నారందరూ.

"సూరమ్మగారూ, మీరు ముందు నిలబడండి. మీ ముఖం చూస్తేనే వాళ్ళకి నమ్మకం. మీ కార్డు ఇవ్వలేదేంటండీ?"

"ఇంటిదగ్గర మరిచిపోయేనండి. రేపు తెస్తాను."

అతను ముందుకు కదలబోయేడు. సూరమ్మకి అప్పుడు ఒక కోరిక పుట్టింది. ఇతనికి ఒక్క అవకాశం ఇవ్వాలి. ఇచ్చేనని తనకి తెలియాలి.

"నాగసతీష్‌గారూ, మొన్నటి టెస్టులో నాకు షుగరెంత వచ్చిందండి?"

అతను చేతిలో కాగితాల వంక కూడా చూడలేదు. చక్కగా నవ్వేడు. "మీకేంటండీ, రాయిలా ఉంటారు. అంతా నార్మలేనండీ."

"ఆయ్" అంది సూరమ్మ.

ఆ సాయంత్రం బూటు తీస్తే ప్లాస్టిక్ సంచిలో చెంచాడు నీళ్ళున్నాయి. వాసన వేసింది. శారోన్ ఇంటికొచ్చి కట్టు మారుస్తూ, "పక్క వేలు కూడా రంగు మారుతోంది పిన్నిగారూ. పంతానికి పోయి కాలు పోగొట్టుకుంటారా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. సూరమ్మ ఆ పిల్ల తల నిమిరింది గాని మాట మార్చుకోలేదు.

గురువారం పదింటికి వచ్చింది కొచ్చిన్ ఆవిడ. పొట్టిగా, నలభై ఐదేళ్ళదై ఉంటుంది. తెల్ల కోటు, బూట్లు, టోపీ వేసుకుని గుమ్మం దగ్గర నీళ్ళలో తానూ కాళ్ళు ముంచింది. మలయాళం, ఇంగ్లీషు తప్ప తెలుగు ముక్క రాదు. మేనేజరు వెనక, నాగసతీష్ పక్కన. ప్రతి బల్ల దగ్గరా ఆగి ఐసు ఎంతుందో చూసింది, గోళ్ళు చూసింది, కత్తెర్లు లెక్కపెట్టించింది. తర్వాత సూరమ్మ ఎదురుగా నిలబడి ఏదో అడిగింది.

"ఇక్కడ ఎన్నేళ్ళుగా చేస్తున్నారని అడుగుతున్నారండీ" అన్నాడు నాగసతీష్.

"పన్నెండేళ్ళండి."

అతను ఇంగ్లీషులో చెప్పేడు. ఆవిడ ఇంకేదో అడిగింది.

"మెడికల్ చెకప్ చేస్తున్నారా అంటున్నారండీ."

సూరమ్మ మూతిగుడ్డ కిందికి లాగింది. రెండు రోజులుగా ఒలిచి పెట్టుకున్న మాటల్ని ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పింది. "చేయరండి. మూడేళ్ళుగా నా రక్తం తీయకుండానే కార్డు రాసేరు. ముప్పై ముగ్గురికి ఒకటే అంకె వేసేరు. నాకు షుగరు నాలుగు వందల ముప్పై ఎనిమిదుంది. వేలు కుళ్ళిపోయింది. ఇదంతా చేసింది ఈ నాగసతీష్‌గారేనండి."

బల్ల చుట్టూ చేతులు ఆగిపోయేయి. నాగసతీష్ ముఖంలో రంగు ఒక్క క్షణం మారింది, అంతే. ఆవిడ వైపు తిరిగి, అదే నవ్వుతో, అదే గొంతుతో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పేడు. ఆవిడ నవ్వుతూ తలూపి, కాగితం మీద ఒక గడిలో టిక్కు పెట్టుకుని, సూరమ్మకి దణ్ణం పెట్టి పక్క బల్ల వైపు అడుగు వేసింది.

సూరమ్మకి అప్పుడు అర్థమైంది. తన మాట తన నోట్లోంచి బయటికి వచ్చి, అతని నోట్లోకి వెళ్ళి చచ్చిపోయింది. మూడేళ్ళుగా తన రక్తాన్ని రాసినట్టే ఇవాళ తన మాటని కూడా అతనే రాసేసుకున్నాడు.

బల్ల అంచు పట్టుకుని ఎడమకాలు పైకెత్తింది. బూటు మడమ పట్టి లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. బూటు ఊడి తడి గచ్చు మీద పడింది. ప్లాస్టిక్ సంచి చింపింది. కట్టు విప్పింది. గుడ్డ అంటుకున్న చోట ఆగకుండా లాగేసింది. నొప్పి ఎలాగూ లేదు. ఆ కాలు తీసి స్టీలు బల్ల పక్కనున్న ఖాళీ క్రేటు మీద, అందరికీ కనబడేలా పెట్టింది.

ఎవరో ఆడకూతురు "యేసయ్యా" అంది. వాసనకి శ్రీదుర్గ మూతి మూసుకుని వెనక్కి జరిగింది. కొచ్చిన్ ఆవిడ వెనక్కి తిరిగింది.

"సూరమ్మగారూ, ఏంటండీ ఇది, కాలు దించండి!" నాగసతీష్ గొంతు మొదటిసారి కీచుమంది. ఆవిడతో ఏదో చెప్పబోయేడు. ఆవిడ అరచెయ్యి చూపించి ఆపింది. దగ్గరికి వచ్చి, ఆ తడి గచ్చు మీద గొంతుక్కూచుని, కళ్ళజోడు సర్దుకుని, వేలు చూసింది. సూరమ్మ జాకెట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. అందులో మూడు ఆకుపచ్చ కార్డులూ, పెద్దాసుపత్రి చీటీ ఉన్నాయి. అవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటికి మధ్యవర్తి అక్కర్లేదు.

చదవడం అయ్యేక ఆవిడ లేచి మేనేజరుతో ఒక్క ముక్క అంది. ఆ ముక్క అక్కడున్న అందరికీ అర్థమైంది. మిషన్లు ఒకటొకటే ఆగిపోయేయి. బల్ల మీద సరుకంతా ఊడ్చి బయట పారబోయించేరు. హాలులో ఐసు కరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో సూరమ్మ నాగసతీష్ ముఖం చూస్తూ నిలబడింది. కడుపు నిండినట్టు అనిపించింది. ఆ ముఖాన్ని ఇంకా కాసేపు చూడాలని ఉంది గాని, కళ్ళు బైర్లు కమ్మి బల్ల మీద వాలిపోయింది.

శుక్రవారం పొద్దున్న రెండు వేళ్ళు తీసేసేరు. "మంగళవారం చేరుంటే ఒకటే పోయేది" అన్నారు వైదేహిగారు. ఆవిడ అనవలసిన మాటే. సూరమ్మ పైకప్పు చూస్తూ, "ఆ రెండోది నేనే ఇచ్చేనులెండి" అంది.

ఆదివారం ఆరాధన అయ్యేక శారోన్ వచ్చింది. ఒక అర్జీ రాసుకొచ్చింది, కార్మిక శాఖ ఆఫీసుకి పంపడానికి. "చదివి సంతకం పెట్టండి పిన్నిగారూ" అంటే, "ఉండనీ, పెడతాను" అని దిండు కింద పెట్టుకుంది. ప్లాంటు సంగతులు ఆ పిల్లే చెప్పింది. నాలుగు రోజులు మూసేస్తున్నారట. నాగసతీష్‌ని ఇంటికి పంపేసేరట. అమలాపురం నుంచి నిజం లేబరేటరీ వాళ్ళని తెచ్చి, శనివారం అందరి చేతులకీ రబ్బరు కట్టి రక్తం తీసేరట.

"మన బస్సులో ఎంతమందికి?"

"షుగరు పదకొండుమందికి. బీపీ తొమ్మిదిమందికి. రక్తం లేనివాళ్ళు సగానికి పైగా ఉన్నారు. శ్రీదుర్గకి హిమోగ్లోబిన్ ఆరే ఉంది. ఇక్కడే చేర్చేరు, పక్క వార్డులో. రక్తం ఎక్కిస్తున్నారు."

సూరమ్మ కళ్ళు మూసుకుంది. "ఊళ్ళో ఏమంటున్నారు?"

"పని ఆగిపోయింది కదండీ. నోటికాడ కూడు తీసేసిందని కొందరు తిడుతున్నారు."

"తిట్టనీ."

సోమవారం మధ్యాహ్నం నాగసతీష్ వచ్చేడు. గడ్డం పెరిగింది. చేతిలో బత్తాయిల సంచి. మంచం పక్కన నిలబడి, కూచోమని ఎవరూ అనకపోయేసరికి అలాగే ఉండిపోయేడు. సాలమోను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వీపు తిప్పుకుని నిలబడ్డాడు.

"మీతో ఒక మాటండీ. కంపెనీ వాళ్ళు నా మీద కేసు పెడతారంటున్నారు. మీరొక కాగితం మీద సంతకం పెడితే..." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసేడు. "నాకు మీరు జబ్బు సంగతి ముందు చెప్పలేదని, అంతేనండీ. అది నిజమే కదండీ. కార్డు ఏదని నేనడిగినప్పుడు కూడా మీరు చెప్పలేదు."

"నేనడిగినప్పుడు మీరేం చెప్పేరు?"

అతను తల దించుకున్నాడు. మెల్లగా అన్నాడు. "తప్పేనండీ. కానీ ఒక్కటి చెప్తాను, కోప్పడకండి. మొదటేడు క్యాంపులో, పదిమంది అయ్యేక, లోపల సరుకు ఆగిపోయిందని మేనేజరుగారు కేకలేస్తుంటే... రాసేయమన్నది మీరేనండీ. లైన్లో ముందు మీరే ఉన్నారు. 'నాకేం జబ్బుంది, గుర్రంలా ఉన్నాను, రాసేయండి బాబూ, బల్ల మీద రొయ్య ఉంది' అన్నారు. అందరూ నవ్వేరు. నేను రాసేసేను."

కిటికీ దగ్గర సాలమోను వెనక్కి తిరిగేడు.

ఆ మధ్యాహ్నం, ఆ షెడ్డు, సూదిని చూసి లోపల కలిగిన భయం, వెనక నవ్వులు, తప్పించుకున్నానన్న సంబరం, అన్నీ వరసగా వచ్చి సూరమ్మ ఎదురుగా కూచున్నాయి. శారోన్ అడిగిన రోజున కూడా అవి వచ్చేయి. ఆ రోజు వాటి మొహాన తలుపు వేసేసింది. "నిజమే" అంది. ఆ మాట అనడానికి పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది. అన్నాక కోపం చల్లారుతుందేమో అనుకుంది. చల్లారలేదు. ఇంకా ఎక్కువైంది.

"మీకు సంతకం కావాలా?"

"ఆయ్."

"అయితే ముందు ఒక పని చెయ్యండి. మన బస్సులో రక్తం తీయకుండా అంకె వేసినవాళ్ళు ముప్పై ముగ్గురు. నేను పోగా ముప్పై ఇద్దరు. ప్రతి ఇంటికీ వెళ్ళండి. గుమ్మంలో నిలబడి, 'మూడేళ్ళుగా మీకు నేను టెస్టు చేయించలేదు, దొంగంకె రాసేను' అని మీ నోటితో చెప్పండి. ఆడవాళ్ళకొక్కళ్ళకే కాదు, ఇంట్లో అందరూ వినేలా చెప్పాలి. నేనన్న మాట కూడా చెప్పండి, దాయక్కర్లేదు. అన్నీ అయ్యేక రండి, చూద్దాం. మొదటిది పక్క వార్డులో ఉంది."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేసేడు. సంచి అక్కడే వదిలి వెళ్ళేడు. గోడవతల అతని గొంతు వినబడింది. మాటలు తెలియలేదు. తర్వాత శ్రీదుర్గ తల్లి ఏడుపు, ఆ ఏడుపు మధ్యలో తిట్లు. సూరమ్మ తల పక్కకి తిప్పి, చివరి మాట దాకా విన్నది.

మళ్ళీ శనివారం నాడు వచ్చేడు. చెప్పులకి బురద, చొక్కా భుజం దగ్గర చిరుగు. కూచోమనకుండానే స్టూలు మీద కూలబడ్డాడు. "అయ్యిందండీ" అన్నాడు.

"ఒక్కొక్కటీ చెప్పండి. ఎవరింట్లో ఏమన్నారు?"

"ఎందుకండీ ఇప్పుడు..."

"చెప్పండి."

చెప్పేడు. దానం ఇంట్లో కొడుకు చెంప మీద కొట్టేడు. వీరన్నగారి కోడలు కుడితి నీళ్ళు కుమ్మరించింది. ఒక ముసలావిడ ఏమీ అనకుండా మంచినీళ్ళిచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు ఉమ్మేసింది. రెండిళ్ళలో తలుపు మొహం మీద వేసేసేరు, బయటినుంచే గట్టిగా చెప్పి వచ్చేడు. ఒకచోట పిల్లలు వీధి చివరిదాకా వెంటపడ్డారు. సూరమ్మ ప్రతి ఇంటికీ ఆగి అడిగింది, ఎవరెవరున్నారు, ముందెవరు మాట్లాడేరు, మీరప్పుడేం చేసేరు అని. ఎండు గొంతులో మంచినీళ్ళు పోసుకున్నట్టు, తొందరపడకుండా, అన్నీ విన్నది.

"నా మాట చెప్పేరా?"

"చెప్పేనండి. అన్నిచోట్లా చెప్పేను."

"ఏమన్నారు?"

"చాలామంది, మేమూ నవ్వేం కదా అన్నారండీ. శ్రీదుర్గగారు మాత్రం... 'పిన్ని రాసేయమంటే మీరు రాసేస్తారా? పిన్ని రొయ్యలు ఒలిచే మనిషి. రాసే పని మీది కదండీ' అన్నారు."

ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో ట్రాలీ చక్రాలు గరగరలాడేయి. సూరమ్మకి గుండెల మీదనుంచి ఏదో బరువు సగం దిగింది. సగమే. మిగతా సగం తనదే, దాన్ని ఎవరూ దించరు.

నాగసతీష్ మడత కాగితం, పెన్నూ తీసి మంచం మీద పెట్టేడు. "ఇంక సంతకం పెట్టండి సూరమ్మగారూ."

"పెట్టనండి."

అతను అర్థం కానట్టు చూసేడు. "అన్నీ అయ్యేక పెడతానన్నారు కదండీ!"

"చూద్దాం అన్నాను. చూసేను. పెట్టను."

"ఇంత చేయించి... ముప్పై రెండిళ్ళ ముందు నా పరువు తీయించి..."

"నా వేళ్ళు కూడా తిరిగి రావు గదండీ" అంది సూరమ్మ, చాలా మర్యాదగా. "వెళ్ళిరండి."

అతను లేచి నిలబడి, సాలమోను వైపు చూసేడు. సాలమోను బత్తాయి ఒలుస్తూ తల ఎత్తలేదు. వార్డు గుమ్మం దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగేడు. తర్వాత మెట్లు దిగిన చప్పుడైంది.

"పోనీలే అనకూడదటే? అన్ని ఇళ్ళూ తిరిగేడు" అన్నాడు సాలమోను.

"అనను."

దిండు కిందనుంచి శారోన్ రాసిన అర్జీ తీసింది. నాగసతీష్ కాగితం పట్టుకెళ్ళేడు గాని పెన్ను మరిచిపోయేడు. మూత తీసి, అర్జీ మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది. తేదీలు, పేర్లు, అంకెలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కింద కాస్త ఖాళీ ఉంది. అక్కడ వంకర అక్షరాలతో, ఒక్కొక్కటే దిద్దుతూ రాసింది: "రాసేయమని నేను కూడా అన్నాను. అయినా రాయకూడదు."

ఆ కింద తన పేరు పూర్తిగా రాసి, కాగితం ఆరేదాకా గాలిలో పట్టుకుని, సాలమోను చేతికిచ్చింది.

"నడు, ఆఫీసు మూసేస్తారు" అంది.